నిలిచిన స్వరమునకే కంపనము

పాశ్చాత్య వాద్యబృందమును చూచినవారికి వెనుకవైపున మనిషికంటె ఎత్తుగా నిలిచియుండు వాద్యమొకటి కనబడును. వాయించువాడు దానిని ఒడిలో నుంచుకొనడు, భుజముపై నెత్తుకొనడు. దాని వెనుక నిలుచుండియో, ఎత్తైన పీటపై కూర్చుండియో, ఆత్మబంధువును కౌగిలించుకొన్నట్లు పట్టుకొని వాయించును. అదియే డబుల్ బేస్. బృందములో కమానుతో వాయించు వాద్యములన్నిటిలో అది పెద్దది. దాని ధ్వని అన్నిటికంటె మంద్రమైనది. సభలోని శ్రోతలలో పలువురు దానిని ప్రత్యేకముగా వినరు. అది ఆగినప్పుడు మాత్రము బృందమంతయు కాలి క్రింది నేలను కోల్పోయినట్లు తోచును. మేడను మెచ్చుకొనువారు పునాదిని చూడరు గదా!

తెలుగువారికి ఈ వాద్యము పూర్తిగా క్రొత్తది కాదు. 1950, 1960 దశాబ్దములలో మదరాసు స్టూడియోలలో చలనచిత్రములకు వాయించిన వాద్యబృందములలో డబుల్ బేస్ ఉండెడిది. అచ్చట దానిని కమానుతో వాయించుటకంటె వ్రేలితో మీటుటయే అధికము. పాట విన్నవారు గాయకుని కంఠమునకు మురిసిరిగాని, ఆ కంఠము క్రింద అడుగడుగునకు పడు మంద్రధ్వనిని వేరుగా గుర్తింపలేదు. అయినను ఆ వాద్యమునకు స్వస్థానము ఐరోపాయే. దాని విద్య అచ్చటి సంగీతశాలలలో పెరిగినది. దాని వివాదములును అచ్చటనే పెరిగినవి.

అట్టి వివాదములలో నొకటి వైబ్రాటోను గూర్చినది. ఎడమచేతి వ్రేలు తీగను నొక్కియుండగనే, చేతిని లయబద్ధముగా ఊపి, స్వరమును దాని స్థానమునకు సమీపమున సూక్ష్మముగా కదలించుటయే వైబ్రాటో. దానివలన పొడిగా నున్న స్వరమునకు తడి వచ్చినట్లు, చెక్కబొమ్మకు ఊపిరి వచ్చినట్లు తోచును. డబుల్ బేస్ నేర్చు విద్యార్థికి అది పెద్దల విద్యవలె కనబడును. గొప్ప విద్వాంసుని చేయి తీగపై ఊగుట చూచిన మరునాడే తన చేతినిగూడ ఊపవలెనని అతనికి ఉబలాటము కలుగును. దానిని ఎప్పుడు నేర్పవలెను? ఎట్లు నేర్పవలెను? ఎంతవరకు వాడవలెను? ఈ ప్రశ్నలు ఒక వాద్యమునకు చెందిన చిన్న ప్రశ్నలుగా కనబడినను, చదువు చెప్పువారందరును విని ఆలోచింపదగినవి. కంపనము స్వరమునకు ఫలము కావలెనుగాని ముసుగు కారాదు. స్వరమును నిశ్చలముగా నిలుపగలిగిన చేతికే దానిని కదలించు అర్హత కలుగును.

గమకము వేరు, వైబ్రాటో వేరు

ఇచ్చట ఒక భ్రమను ముందుగా తొలగించుకొనుట మంచిది. వైబ్రాటోను విన్న తెలుగు శ్రోత, “ఇది గమకమే కదా, కంపితమే కదా” అని అనుకొనవచ్చును. పైకి రెండును స్వరచలనములే. వాని ధర్మములు మాత్రము వేరు.

కర్ణాటక సంగీతములో తోడి రాగపు గాంధారమును తీసికొన్నచో, దాని ఊపు రాగమునకు ప్రాణము. ఆ ఊపును తీసివేసి గాంధారమును నిటారుగా నిలిపినచో స్వరస్థానము మిగులును, తోడి మిగులదు. పాశ్చాత్య సంగీతములో వైబ్రాటోను తీసివేసినచో రాగభంగము వంటిదేదియు కలుగదు. వ్రాసిన స్వరము వ్రాసినట్లే యుండును. దాని భావచ్ఛాయ మాత్రమే మారును. భాషతో పోల్చి చెప్పవలెనన్నచో, గమకము గుణింతము వంటిది. గుడి తీసివేసినచో అక్షరమే మారిపోవును. వైబ్రాటో చదువువాని కంఠములోని ఆర్ద్రత వంటిది. అది లేకున్నను మాట మాటయే. ఉన్నచో మాట హృదయమునకు దగ్గరగును. అదియే మితిమీరినచో మాట ఏడుపుగా మారును.

వయొలిన్ చరిత్రయే ఈ భేదమునకు సాక్ష్యము. ముత్తుస్వామి దీక్షితుల సోదరుడు బాలుస్వామి దీక్షితులు (1786–1858) ఆ పాశ్చాత్య వాద్యమును నేర్చి కర్ణాటక సంగీతమునకు మలచుటకు మార్గము చూపెను. తరువాతి కాలమున విజయనగరమును తన విద్యకు నిలయముగా చేసికొన్న ద్వారం వేంకటస్వామి నాయుడు (1893–1964) వంటి మహావిద్వాంసుల చేతులలో అది తెలుగువారి సొంత వాద్యమైనది. వాద్యము అదియే, తీగలు అవియే, ఎడమచేయియు అదియే. అయినను ఆ చేయి ఇచ్చట స్వరమునుండి స్వరమునకు ప్రయాణము చేయుచు రాగమును నిర్మించును. అచ్చట ఒకే స్వరమును పట్టుకొని దానికి జీవము పోయును. ఈ భేదమును గుర్తించినవారికి వైబ్రాటో విషయమై పాశ్చాత్యులలో ఇంత వాదమేల కలిగెనో తెలియును. వ్యాకరణములో చేరినదానిపై వాదముండదు. ఔచిత్యమునకు వదలిపెట్టినదానిపైననే వాదము పుట్టును.

కొలతలు చెప్పు సత్యము

డబుల్ బేస్ మీద వైబ్రాటో ఎందుకు కష్టమో తెలియుటకు కొంచెము లెక్క అవసరము. వయొలిన్ తీగలో మ్రోగు భాగము పొడవు సుమారు 33 సెంటీమీటర్లు. డబుల్ బేస్ మీద అది సుమారు 105 సెంటీమీటర్లు. తీగ మొదట అర్ధస్వరము పైకి పోవుటకు వయొలిన్ మీద వ్రేలు రెండు సెంటీమీటర్లకు లోపుగా జరిగిన చాలును. డబుల్ బేస్ మీద సుమారు ఆరు సెంటీమీటర్లు జరుగవలెను. అనగా, చెవికి ఒకే పరిమాణపు కంపనము వినబడవలెనన్నచో ఈ వాద్యముపై చేయి మూడింతలకంటె ఎక్కువ ఊగవలెను. వ్రేలి కణుపులతోనో, మణికట్టుతోనో సాగు పని కాదిది. ముంజేయి యంతయు మోచేతినుండి ఊగవలెను. వయొలిన్ విద్యార్థి చేతిని చూచి డబుల్ బేస్ విద్యార్థి అనుకరించుట ఇందుచేతనే నిష్ఫలము.

మరియొక విశేష మున్నది. తీగపై క్రిందికి పోయినకొలది స్వరముల నడుమ దూరములు తగ్గుచుండును. తీగ సగమునకు చేరునప్పటికి అర్ధస్వరపు దూరము మూడు సెంటీమీటర్లకు దిగును. కాబట్టి మంద్రస్థానమున నేర్చిన విశాలమైన ఊపునే తారస్థానమున వాడినచో స్వరము తప్పత్రాగినవాని నడకవలె తూలును. ఒకే చేయి, ఒకే తీగ; అయినను అడుగడుగునకు కొలత మార్చుకొనవలెను.

వేగము సంగతియు నిట్టిదే. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు కార్ల్ సీషోర్ (1866–1949) గాయకుల, వయొలిన్ విద్వాంసుల వైబ్రాటోను యంత్రములతో కొలిచెను. మంచి వైబ్రాటో సెకనుకు ఆరేడు ఊపులు కలదిగా తేలినది. గాయకుల కంపనము సుమారు అర్ధస్వరమంత వెడల్పుగాను, వయొలిన్ వాదకులది అందులో సగముగాను కనబడినది. ఈ వేగమును డబుల్ బేస్ అడుగు తీగకు అన్వయించి చూడవలెను. ఆ తీగ సెకనుకు సుమారు 41 సార్లు మాత్రమే కంపించును. సెకనుకు ఆరు ఊపులు ఊపినచో ఒక్కొక్క ఊపులో తీగ ఏడుసార్లు కదలునంతలో ఊపే ముగియును. 440 సార్లు కంపించు వయొలిన్ తీగకు అదే ఊపులో డెబ్బదికి పైగా కంపనము లుండును. మంద్రస్వరము తన్ను తాను చెవికి పరిచయము చేసికొనుటకే కొంత వ్యవధి కోరును. అట్టిదానిని తొందరపెట్టి ఊపినచో స్వరమునకు బదులు గడబిడ మిగులును. అందుచేతనే అనుభవజ్ఞులైన డబుల్ బేస్ గురువులు అడుగు తీగలపై నిదానమైన ఊపును, పైకి పోయినకొలది చురుకైన ఊపును నేర్పుదురు. ఏనుగు నడకకు లేడి గంతులు సరిపడవు.

సీషోర్ పరిశీలనలలో ఉపాధ్యాయులు గుర్తుంచుకొనదగిన మరియొక సత్య మున్నది. స్వరము పైకి క్రిందికి ఊగుచున్నను చెవి ఆ ఊపునంతయు స్వరముగా గ్రహింపదు. దాని నడిమి బిందువునే స్వరముగా గ్రహించును. కావున నడిమి బిందువు తప్పియున్నచో ఎంత అందముగా ఊపినను అది తప్పు స్వరమే. కంపనము తప్పును దాచునని విద్యార్థి అనుకొనును. నిజమునకు అది శ్రోత చెవికంటె ముందు వాయించువాని చెవినే మోసగించును. తప్పు మసకబారుటచేత వాయించువాడు దానిని వెదకుట మానును. వెదకుట మానినవాడు దిద్దుకొనుటయు మానును.

పెద్దల వాదము

ఈ వివాదము నిన్న మొన్నటిది కాదు. ఇటలీ దేశపు వయొలిన్ విద్వాంసుడు జెమినియాని 1751లో లండనులో ప్రకటించిన గ్రంథములో స్వరకంపనమును ఎంత తరచుగా వాడినను మేలే యను అభిప్రాయమును వెలిబుచ్చెను. అయిదేండ్లకు, 1756లో, ఆగ్స్‌బర్గునుండి లియొపోల్డ్ మొజార్ట్ గ్రంథము వెలువడెను. జగత్ప్రసిద్ధుడైన మొజార్ట్‌కు తండ్రి ఇతడే; కుమారుడు పుట్టినదియు ఆ సంవత్సరమే. ఇతడు కంపనమును సహజమైన సౌందర్యముగా నంగీకరించెను. మ్రోగించిన గంట ధ్వని గాలిలో తెరలు తెరలుగా పోవుటను దానికి ఉపమానముగా తెచ్చెను. కాని ప్రతి స్వరమును వణకించువారిని రోగముచేత ఒడలు వణకువారితో పోల్చి పరిహసించెను. తరువాతి వాదమంతయు ఈ ఇద్దరి మాటలకు వ్యాఖ్యానమే.

పందొమ్మిదవ శతాబ్దములో జర్మన్ సంప్రదాయమునకు పెద్దదిక్కైన యోజెఫ్ యోఆకిమ్ (1831–1907) కంపనమును పొదుపుగా వాడెను. 1903లో అతడు చేసిన గ్రామఫోను రికార్డులు దీనికి సాక్ష్యము. ఇరువదవ శతాబ్దారంభమున ఫ్రిట్స్ క్రైస్లర్ (1875–1962) దానిని ఇంచుమించు ఎడతెగని ధారగా వాడెను. అతని స్వరమాధుర్యమునకు లోకము దాసోహమన్నది. క్రమముగా అదియే వాడుకగా స్థిరపడెను. మరల 1998 నుండి 2011 వరకు స్టట్‌గర్ట్ రేడియో వాద్యబృందమునకు నాయకత్వము వహించిన రోజర్ నోరింగ్టన్ వైబ్రాటోను ఇంచుమించు పూర్తిగా మాన్పించి, ఆ నిరాడంబర ధ్వనియే పూర్వుల ధ్వని యని వాదించెను. కొందరు దానిని నిర్మలమన్నారు, కొందరు ఎండిపోయినదన్నారు.

ఈ పక్షములలో ఏది సత్యమని తేల్చుట విద్యార్థికి అవసరము లేదు. అతడు గ్రహింపవలసినది వేరొకటి. యోఆకిమ్ పొదుపు చేతగానివాని పొదుపు కాదు. క్రైస్లర్ ధారాళము తప్పు దాచుకొనువాని ధారాళము కాదు. మానగలిగినవాడు వాడినప్పుడే అది కళ. మానలేక వాడునది అలవాటు. అలవాటునకును రోగమునకును దూరము కొంచెమే.

చేతికి నేర్పు క్రమము

డబుల్ బేస్ మీద ఎడమచేతికి వియన్నాలో బోధించిన ఫ్రాంట్స్ సిమాండ్ల్ (1840–1912) పద్ధతి నేటికిని పలు తావుల ఆధారము. ఆ పద్ధతిలో మెడభాగమున చూపుడువ్రేలు, నడిమివ్రేలు, చిటికెనవ్రేలు స్వరములను నొక్కును. ఉంగరపువ్రేలు చిటికెనవ్రేలికి తోడుగా నిలుచును. తీగలు లావు, బిగువు ఎక్కువ. ఒంటరిగా చిటికెనవ్రేలు వానిని అణపజాలదు. ఈ బరువే విద్యార్థిని మొదటి తప్పునకు త్రోయును. అతడు బొటనవ్రేలిని వెనుకనుండి అదిమి, మెడను పట్టకారుతో పట్టినట్లు బిగించును. బిగిసిన చేయి ఊగదు. బలవంతముగా ఊపినచో భుజమునుండి చిన్న గజగజ మాత్రము పుట్టును. దానిని వైబ్రాటో యని విద్యార్థి సంతోషించును. అది చలిజ్వరము. నెలల తరబడి సాగినచో మణికట్టునకును, మోచేతికిని నొప్పి వచ్చును.

కావున మొదటి పాఠము కంపనము కాదు, బరువును దించుకొనుట. వాద్యము బరువు దేహమునకు ఆనియుండవలెనుగాని ఎడమచేతిపై పడరాదు. తీగను నొక్కుటకు వ్రేళ్ల పిడికిలి చాలదు. భుజమునుండి వ్రేలాడు చేతి బరువు కావలెను. దీనికి పరీక్ష సులభము. స్వరమును వాయించుచు బొటనవ్రేలిని మెడనుండి కొంచెము ఎత్తవలెను. స్వరము చెడక నిలిచినచో చేయి సరిగా నున్నట్లే. స్వరము మాయమైనచో ఇంతవరకు అతడు వాయించినది బొటనవ్రేలి మొండితనముతోనని తెలియును.

రెండవ పాఠము నిశ్చలస్వరము. కమానును ఎనిమిది లెక్కలపాటు సాగదీయుచు ఒక్క స్వరమును ఎట్టి వణుకును లేక నిలుపవలెను. దానిని వ్రేలు నొక్కని తీగ ధ్వనితో సరిచూచుకొనవలెను. తంబురా శ్రుతిలో షడ్జమును నిలుపు గాయకుని సాధన యెట్టిదో ఇదియు నట్టిదే. ఈ సాధనలో వినోద మేమియు లేదు. గోడ కట్టువాడు మట్టపలకను మాటిమాటికి పెట్టి చూచుటలో మాత్రము వినోద మేమున్నది? గోడ నిలుచుట వినోదముకంటె గొప్ప సంగతి.

మూడవ పాఠమున కమానును ప్రక్కన పెట్టవలెను. నడిమివ్రేలిని తీగపై తేలికగా ఆనించి, చేతిని తీగవెంబడి పైకి క్రిందికి జానెడు మేర జార్చవలెను. బల్లను గుడ్డతో తుడుచునప్పుడు చేయి ఎంత నిర్లక్ష్యముగా పోవునో అంత నిర్లక్ష్యముగా పోవలెను. ఆ జారుడు మేరను క్రమముగా కుదించుచు, తుదకు వ్రేలి కొన ఒకచోట నిలిచి, దానిపై చేయి మాత్రము ఊగునట్లు చేయవలెను. ఊపు మోచేతినుండి పుట్టవలెను. మణికట్టు చేతిలో భాగముగా కదలవలెనుగాని తెగిన కొమ్మవలె వ్రేలాడరాదు.

నాలుగవ పాఠమున లయ వచ్చును. మెట్రోనోమును నిమిషమునకు 60 దెబ్బలకు పెట్టి, దెబ్బకు రెండు ఊపులు, తరువాత మూడు, తరువాత నాలుగు చొప్పున ఊపవలెను. ఊపులన్నియు సమానముగా నుండవలెను. నడిమివ్రేలికి పట్టుబడిన పిదపనే చూపుడువ్రేలికి, చిటికెనవ్రేలికి పోవలెను. వేగమును కోరి పోరాదు. వదులును కోరి పోయినచో వేగము తనంతట వచ్చును.

అయిదవ పాఠము అన్నిటికంటె ముఖ్యమైనది; పలువురు విడిచిపెట్టునది. స్వరమును నిశ్చలముగా ప్రారంభించి, నాలుగు లెక్కల పిదప కంపనమును మెల్లగా పుట్టించి, పెంచి, మరల తగ్గించి, నిశ్చలముగానే ముగించవలెను. కంపనమును ప్రారంభించుట సులభము. నడుమ ఆపుట కష్టము. ఆపగలిగిన దినముననే అది విద్యార్థికి వశమైనట్లు. ఆపలేనంతవరకు విద్యార్థియే దానికి వశము.

ఎదుటివారి మాటలోని సత్యము

ఈ క్రమమును కాదనువారు లేకపోలేదు. వారి మాటలోను సత్య మున్నది. కంపనమును రెండు మూడేండ్లు దూరముగా నుంచినచో చేయి నిశ్చలత పేరిట కొయ్యబారునని వారందురు. చిన్నవాడు ఏడాదిపాటు పొడి స్వరములను మాత్రమే విని విసుగుచెంది వాద్యమునే విడిచిపోవునని వారి భయము. ఊగు చేయి సహజముగా వదులైన చేయి కాబట్టి, ఊపు నేర్పుటయే బిగువును పోగొట్టు ఉపాయమని వారి వాదము.

ఇందులో మొదటి మాటను ఎవరును త్రోసిపుచ్చలేరు. నిశ్చలత వేరు, బిగువు వేరు. నిలకడగా వెలుగు దీపమును చూచి అది గడ్డకట్టినదని ఎవరును అనరు. నిశ్చలస్వరమును నేర్పుటలో చేతిని కొయ్యగా చేసిన గురువు నిశ్చలతను నేర్పలేదు, భయమును నేర్పెను. అందుచేత పైన చెప్పిన మూడవ పాఠములోని జారుడు సాధనను మొదటి నెలనుండియే ఆటవలె చేయించుట మేలు. అది చేతికి వ్యాయామము. కాని వ్యాయామమును సభకు తీసికొనిపోరాదు. పాటలోనికి కంపనమును తెచ్చుటకు మాత్రము స్వరశుద్ధి కుదురువరకు ఆగవలెను. చేతికి స్వేచ్ఛను ముందే ఇవ్వవచ్చును. చెవికి మోసమును ముందుగాగాని వెనుకగాగాని నేర్పరాదు.

విసుగు సంగతికి జవాబు గురువు చేతిలోనే యున్నది. నిశ్చలస్వరములోని అందమును గురువు వినిపింపగలిగినచో శిష్యునకు విసుగు కలుగదు. మంచి కమానుతో సాగదీసిన మంద్రస్వరము కంపనము లేకయే గది గోడలను పలికించును. అది వినని శిష్యునకే కంపనముపై ఆకలి.

ఎచ్చట వాడవలెను

నేర్చిన విద్యను ఎచ్చట వాడవలెననునది తుది ప్రశ్న. డబుల్ బేస్ ఒంటరిగా పాడగలదని లోకమునకు చూపినవారిలో వెనిస్ నగరమున పుట్టి లండనులో కీర్తి గడించిన డ్రాగొనెట్టి (1763–1846), ఇటలీ దేశీయుడే యైన బొట్టెసిని (1821–1889) అగ్రగణ్యులు. బొట్టెసిని 1871లో కైరోలో వెర్డి రచించిన ‘ఐదా’ సంగీతరూపక ప్రథమ ప్రదర్శనమును నడిపినవాడు. నాటకశాల గానమును ఎరిగిన ఆతడు డబుల్ బేస్‌కు వ్రాసిన రచనలలో గాయకురాలి గానమువంటి దీర్ఘమైన పాటలు వినబడును. అట్టిచోట కంపనము లేక పాడించుట మనసు లేక మాటలాడించుట వంటిది.

బృందములో పరిస్థితి వేరు. అచ్చట ఎనిమిది డబుల్ బేస్‌లు కలిసి ఒకే స్వరము నీయవచ్చును. పై వాద్యములన్నియు ఆ స్వరముపై తమ శ్రుతిని కట్టుకొనును. ఎనమండుగురును ఎవరి యిష్టము వచ్చినట్లు వారు విశాలముగా ఊపినచో పునాది యూగిన మేడవలె బృందమంతయు చెదరును. తాను అందముగా వినబడవలెనను ఆశను అచ్చట వాదకుడు చంపుకొనవలెను.

రెండు స్థలములు విద్యార్థులు పరిశీలింపదగినవి. 1824లో వియన్నాలో తొలిసారి వినిపించిన బీథోవెన్ తొమ్మిదవ సింఫొనీ తుది భాగమున చెల్లోలు, డబుల్ బేస్‌లు కలిసి మనిషి మాటలాడినట్లు పలుకు ఘట్టమున్నది. అచ్చట కంపనము మాటలోని ఉద్వేగమువలె ఒకచోట హెచ్చి, ఒకచోట తగ్గవలెను. 1889లో బుడాపెస్టులో తొలిసారి వినిపించిన మాలర్ మొదటి సింఫొనీ మూడవ భాగమున ఒంటరి డబుల్ బేస్, ధ్వనిని అణచు బిళ్లను తగిలించుకొని, పిల్లల పాటనొకదానిని విషాదస్వరములలో ప్రారంభించును. క్రింద భేరీధ్వని అంత్యయాత్ర అడుగులవలె పడుచుండును. ఇచ్చట విశాలమైన కంపనముతో కరుణరసమును కురిపింపబోవు వాదకుడు ఆ ఘట్టమును చెరచును. ఆ పాటలోని భయమంతయు దాని పొడితనములోనే యున్నది. కొందరు కంపనమును పూర్తిగా మానుదురు, కొందరు సన్నని ఛాయగా వాడుదురు. ఎవరేమి చేసినను, చేయకుండుటయు చేతనైనవారికే ఆ ఘట్టము దక్కును.

తరగతి గదిలో

డబుల్ బేస్ కనబడని పాఠశాలలలో గూడ ఈ సంగతికి పని యున్నది. పద్యమును చదువుమన్నప్పుడు అన్వయము తెలియని బాలుడు దీర్ఘములను లాగి, గొంతును వణకించి రాగము తీయును. తరగతి చప్పట్లు కొట్టును. పద్యనాటకములలో అర్థము మునిగిపోవునట్లు రాగమును సాగదీసి “వన్స్ మోర్” అనిపించుకొన్న నటులను తెలుగు ప్రేక్షకు లెరుగుదురు. వ్యాసరచనలో భావము కుదరకమునుపే సమాసములను, ఉపమానములను గ్రుమ్మరించు విద్యార్థిని ప్రతి తెలుగు ఉపాధ్యాయుడును ఎరుగును. ఇవన్నియు నిలువని స్వరమునకు తొడిగిన కంపనములే. రాగము తప్పు కాదు, అలంకారము తప్పు కాదు. పదము విడదీసి చదువగలవాడు రాగము తీసినప్పుడు పద్యము వెలుగును. సూటియైన వాక్యము వ్రాయగలవాడు ఉపమానము చెప్పినప్పుడు అర్థము పండును.

ఉపాధ్యాయుడు చేయగల మేలు ఒకటున్నది. శిష్యుడు అలంకారము లేక, వణుకు లేక, ఒక చిన్న స్వరమునో, ఒక చిన్న వాక్యమునో సరిగా నిలిపినప్పుడు దానిని గుర్తించి మెచ్చుకొనవలెను. ఆ మెప్పు దొరకనందుననే పిల్లలు మెరుగులవైపు పరుగెత్తుదురు. నిలుపుటకు మెప్పు దొరకిన చేయి తొందరపడదు. సమయము వచ్చినప్పుడు అదియే ఊగును. ఆ ఊపులో స్వరము తన చోటు విడువదు.